ఒకే పాఠానికి ఎన్ని జీతాలు? హైదరాబాద్‌లో రాజనీతిశాస్త్ర అధ్యాపకుల లెక్క

(ఎంఏ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరుసలో ఖాళీలున్నాయి. ఇవాళ బోర్డు మీద అంకెలు చాలా రాస్తాను, అందరికీ కనబడాలి. ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తీసుకోండి, కానీ నోటుబుక్కులో రాసుకోవడం మేలు. ఇంటికెళ్లాక మీ సొంత అంకెలు పెట్టి మళ్లీ లెక్క వేసుకోవాల్సి ఉంటుంది.

మొదట ఒక ప్రశ్న. రాజ్యాంగ ప్రవేశిక అనే పాఠం మనమందరం చెప్పేదే. 1976లో 42వ సవరణతో ఏ మాటలు చేరాయి, కేశవానంద భారతి కేసులో ప్రవేశిక గురించి కోర్టు ఏమంది, ఇదంతా గంటలో చెబుతాం. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీలో చెప్పేది ఇదే. బషీర్‌బాగ్ నిజాం కాలేజీలో ఇదే. హైకోర్టు దగ్గర సిటీ కాలేజీలో ఇదే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో నడిచే ప్రైవేటు డిగ్రీ కాలేజీలోనూ ఇదే. ఇంటర్ సీఈసీ పిల్లలకు సివిక్స్ పేరుతో ఇదే, సాయంత్రం అశోక్‌నగర్‌లో గ్రూప్-2 అభ్యర్థులకు పాలిటీ పేరుతో ఇదే. పాఠం ఒకటే కదా? మరి ఆ గంటకు వచ్చే డబ్బులో మూడు నాలుగు రెట్ల తేడా ఎందుకుంది?

చదువులో తేడా అంటారా? అందరూ ఎంఏ. చాలామందికి నెట్టో సెట్టో (అధ్యాపక అర్హత పరీక్షలు) ఉంది, కొందరికి పీహెచ్‌డీ ఉంది. తేడా మనిషి దగ్గర లేదు, మనిషి చేతిలో ఉన్న నియామక పత్రంలో ఉంది. ఆ కాగితం మీద జీతాన్ని దేనితో కొలిచారు? సంవత్సరంతోనా, నెలతోనా, పీరియడ్‌తోనా? ఇవాళ నేను చెప్పేదంతా ఆ కొలత గురించే. ఎంత ఇస్తారని అడిగే ముందు దేనికి ఇస్తారని అడగండి.

సరే, పై మెట్టు నుంచి మొదలుపెడదాం. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, చెప్పిన స్కేలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి బేసిక్, అంటే మూల వేతనం, 57,700. ఈ అంకె ఎక్కణ్నుంచి వచ్చింది? ఆరో వేతన సంఘం కాలంలో 15,600 పే, 6,000 అకడమిక్ గ్రేడ్ పే కలిపి 21,600 ఉండేది. దాన్ని 2.67తో హెచ్చించారు. 57,672 వచ్చింది, వందలకు సరిచేసి 57,700 అన్నారు. ఇది అకడమిక్ లెవల్ 10. తర్వాత లెవల్ 11లో 68,900, లెవల్ 12లో 79,800. అసోసియేట్ ప్రొఫెసర్ 13ఏ, అక్కడ 1,31,400. ప్రొఫెసర్ లెవల్ 14, అక్కడ 1,44,200. ఏడాదికి 3 శాతం ఇంక్రిమెంటు. 2016 జనవరి 1 నుంచి అమలు. తెలంగాణ ప్రభుత్వం 2019లో ఉత్తర్వులిచ్చింది. పెరిగిన భారంలో సగం కేంద్రం భరించింది, అదీ 2019 మార్చి 31 వరకే. ఆ తర్వాత మొత్తం బరువు రాష్ట్రం మీదే పడింది. కొత్త పోస్టు అనగానే ఆర్థికశాఖ ఎందుకు ఆలోచనలో పడుతుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక పే స్లిప్ దగ్గరగా చూద్దాం. సెంట్రల్ యూనివర్సిటీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్, 2025 జులై నాటి డీఏ (కరువు భత్యం) రేటు తీసుకుందాం, 58 శాతం. రాసుకోండి. బేసిక్ 57,700. డీఏ 33,466. హైదరాబాద్ ఎక్స్ కేటగిరీ (పెద్ద నగరాల తరగతి) నగరం కాబట్టి, డీఏ 50 శాతం దాటింది కాబట్టి, ఇంటద్దె భత్యం 30 శాతం, 17,310. రవాణా భత్యం 7,200, దాని మీద డీఏ కలిపితే 11,376. మొత్తం 1,19,852. ఇందులోంచి ఎన్‌పీఎస్ అనే పింఛను పథకానికి బేసిక్, డీఏల మీద 10 శాతం, అంటే 9,117 పోతుంది. వృత్తి పన్ను 200. ఆదాయపు పన్ను తీయక ముందు 1,10,535 మిగులుతుంది. క్వార్టర్స్‌లో ఉంటే ఇంటద్దె భత్యం రాదు, అది గుర్తుపెట్టుకోండి.

ఇదే 57,700 బేసిక్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనూ ఉంటుంది. మరి చేతికొచ్చేది ఎందుకు తగ్గుతుంది? బేసిక్ యూజీసీది, కానీ డీఏ ఎప్పుడు విడుదల చేయాలి, ఇంటద్దె ఎంతివ్వాలి అన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. కేంద్రం జనవరిలో పెంచితే ఇక్కడ ఉత్తర్వు ఆలస్యంగా వస్తుంది, మధ్యలో నెలలు బకాయిల ఖాతాలోకి వెళ్తాయి. అందుకని ఎవరైనా "యూజీసీ స్కేలేగా" అంటే సగం మాటే విన్నట్టు. ఏ ఖజానా నుంచి వస్తుందో అది కూడా అడగాలి.

ఇక్కడ చాలామంది పొరపడే లెక్క ఒకటుంది. గురుకుల డిగ్రీ కాలేజీ లెక్చరర్ స్కేలు 58,850 నుంచి 1,37,050. జూనియర్ లెక్చరర్ స్కేలు 54,220 నుంచి 1,33,630. ఇది చూసి, గురుకులంలో బేసిక్ 58,850, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో 57,700, గురుకులమే ఎక్కువ కదా అంటారు. ఎక్కువేనా? ఆగండి. రాష్ట్ర పీఆర్‌సీ (వేతన సవరణ సంఘం) స్కేలులో 2018 జులై దాకా ఉన్న డీఏ ముందే కలిసిపోయింది. యూజీసీ స్కేలులో 2016 జనవరి దాకా ఉన్నదే కలిసింది. అందుకే యూజీసీ బేసిక్ మీద డీఏ శాతం ఎక్కువగా కనబడుతుంది, రాష్ట్ర స్కేలు మీద తక్కువగా కనబడుతుంది. పైగా కేంద్రం 1 శాతం పెంచితే రాష్ట్ర స్కేలులో 0.91 శాతమే పెరుగుతుంది. మీరు వినే 3.64 శాతం డీఏ అన్న అంకె అలా వచ్చిందే, 4ను 0.91తో హెచ్చించి చూడండి. కాబట్టి బేసిక్‌ను బేసిక్‌తో పోల్చకండి. బేసిక్, డీఏ, ఇంటద్దె కూడి మొత్తంతో మొత్తాన్ని పోల్చండి. 2020 పీఆర్‌సీ ప్రకారం జీహెచ్ఎంసీ పరిధిలో ఇంటద్దె 24 శాతం. గురుకులం ఊరి బయట ఉంటే ఆ శాతం తగ్గుతుంది. హైదరాబాద్‌లో సంసారం పెట్టి రోజూ అంత దూరం వెళ్లివచ్చేవాళ్లు ఈ సంగతి చేరాక తెలుసుకుంటారు.

జూనియర్ లెక్చరర్ గురించి ఒక మాట. రాష్ట్ర ప్రభుత్వ జేఎల్ సివిక్స్ పోస్టుకు నెట్ అక్కరలేదు. 2022 నోటిఫికేషన్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి 1,392 పోస్టులు వచ్చాయి. నెట్ లేని ఎంఏలకు స్కేలు ఉన్న ఉద్యోగానికి ఇదే దగ్గరి దారి. జేఎల్‌లో చేరి, అక్కడి నుంచి నెట్ రాసుకుని డిగ్రీకి ప్రయత్నించడం తక్కువ పని అనుకోవద్దు.

స్టాఫ్‌రూమ్‌లో రెండు కుర్చీలు

ఎయిడెడ్ కాలేజీల, అంటే ప్రభుత్వం జీతాలకు సాయం చేసే ప్రైవేటు కాలేజీల సంగతి. ఈ నగరంలో పాత పేరున్న కాలేజీలు చాలా వరకు ఎయిడెడ్. అక్కడి స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్కనే రెండు కుర్చీలుంటాయి. ఒక కుర్చీలో ఎయిడెడ్ పోస్టులో ఉన్న అధ్యాపకుడు, ఆయనకు ప్రభుత్వం యూజీసీ స్కేలు ఇస్తుంది. రెండో కుర్చీలో మేనేజ్‌మెంట్ స్టాఫ్, ఆమెకు యాజమాన్యం కన్సాలిడేటెడ్, అంటే స్కేలు లేని ఏకమొత్తం జీతం, ఇస్తుంది. సిలబస్ ఒకటే, టైమ్‌టేబుల్‌లో వర్క్‌లోడ్ ఒకటే. ఎయిడెడ్ ఆయన రిటైరైనప్పుడు ఆ పోస్టు నిండదు, ఆ క్లాసులు రెండో కుర్చీకి వస్తాయి. క్లాసులు వచ్చాయి గానీ స్కేలు వచ్చిందా? రాలేదు. ఎయిడెడ్ కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి ప్రశ్న ఇదే వేయండి: "ఇది ఎయిడెడ్ పోస్టా, మేనేజ్‌మెంట్ పోస్టా?" కాలేజీ పేరు చూసి చేరినవాళ్లే ఎక్కువ బాధపడుతున్నారు.

ఇక ప్రైవేటు డిగ్రీ కాలేజీలు. మీలో సగం మంది ఇప్పుడు అక్కడే ఉన్నారు. నెలకు 30,000 అని ఆర్డర్‌లో రాశారనుకుందాం. 30,000 చేతికొస్తుందా? లెక్క వేద్దాం. చాలా చోట్ల బేసిక్‌ను 15,000 అని చూపించి, మిగతా 15,000 భత్యాలని రాస్తారు. ఎందుకు? పీఎఫ్ చట్టపు పరిమితి 15,000 కాబట్టి. దాని మీద మీ వాటా 12 శాతం, 1,800. యాజమాన్యం వాటా, దానికి తగిలే ఇతర చార్జీలు కలిపి 13 శాతం, 1,950. ఈ 1,950 కూడా ఆ 30,000లోంచే తీస్తారు. సీటీసీ (ఉద్యోగి మీద యాజమాన్యానికి అయ్యే మొత్తం ఖర్చు) అనే మాటకు ఇక్కడ అర్థం అది. వృత్తి పన్ను 200. చివరికి చేతికి 26,050. పీఎఫ్ పథకం నిబంధన ప్రకారం యాజమాన్యం వాటాను ఉద్యోగి జీతం నుంచి కోయకూడదు. అందుకే ఆర్డర్‌లో "గ్రాస్ జీతం ఇంత, యాజమాన్యం పీఎఫ్ వాటా అదనం" అని రాయించుకోవాలి. ఆ ఒక్క లైనుకు ఏడాదికి 23,400 తేడా.

ఇంకో ప్రశ్న. జీతం ఎన్ని నెలలకు? పది నెలలకైతే, 26,050ని పదితో హెచ్చించి పన్నెండుతో భాగించండి. 21,708. మీరు 30,000 అనుకుని చేరిన ఉద్యోగం, ఇంటద్దె పన్నెండు నెలలూ కట్టాలి కాబట్టి, నిజానికి నెలకు 21,708 ఉద్యోగం. పైగా ఆ రెండు నెలలూ ఖాళీగా ఉంచుతారా? దోస్త్, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు, అప్పుడే నడుస్తాయి. ఇంతమందిని చేర్పించాలని టార్గెట్ పెడతారు. జీతం లేని నెలల్లో పని మాత్రం ఉంటుంది. ఇది ఆర్డర్‌లో రాయరు, నోటితో చెబుతారు.

అమ్మా, మీరు బేసిక్ 15,000 చూపిస్తే నష్టమేముంది, మొత్తం అంతే కదా అంటున్నారు. మంచి ప్రశ్న. నష్టం గ్రాట్యుటీలో, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే మొత్తంలో, కనబడుతుంది. 2009 సవరణతో ఉపాధ్యాయులు అప్పటి గ్రాట్యుటీ చట్టం కిందికి వచ్చారు, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. యాజమాన్యాలు కోర్టుకెళ్లాయి, 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదే అంది. లెక్క ఏమిటి? చివరి బేసిక్, డీఏ తీసుకుని, 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. పదేళ్ల సర్వీసుకు 15,000 మీద వేస్తే 86,538 వస్తుంది. 30,000 మీద వేస్తే 1,73,077. సగానికి సగం పోయింది. పదేళ్ల తర్వాత పోయే డబ్బు చేరిన రోజే పోయింది, మీకు తెలియలేదు అంతే. ఇంకా దారుణం, గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు నిండకుండా మధ్యలో నెల రోజులు రాజీనామా చేయించి మళ్లీ చేర్చుకోవడం. అలా అడిగితే రాజీనామా పత్రం మీద సంతకం పెట్టేముందు పది మందిని అడగండి.

ఇంకో రెండు అలవాట్లు చెబుతాను. ఒకటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టేసుకోవడం. పరిశీలించి తిరిగివ్వడం వేరు, బీరువాలో పెట్టి తాళం వేయడం వేరు. ఇవ్వాల్సి వచ్చినా రసీదు లేకుండా ఇవ్వకండి. రెండోది, తనిఖీల కోసం బ్యాంకులో పెద్ద జీతం వేసి, కొంత నగదుగా వెనక్కి తీసుకోవడం. ఇందులో మీ మెడకు చుట్టుకునేది ఏమిటో తెలుసా? ఆదాయపు పన్ను శాఖ రికార్డులో ఆ పెద్ద జీతమే మీ ఆదాయం. స్కాలర్‌షిప్పుకో, ఆదాయ ధ్రువపత్రానికో వెళ్లినప్పుడు రాని డబ్బు వచ్చినట్టు కనబడుతుంది. వెనక్కిచ్చిన నగదుకు కాగితం ఉండదు. ఆ పనికి ఒప్పుకోకండి.

మరి లేబర్ కోర్టుకు వెళ్లొచ్చా? ఉపాధ్యాయుడు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ (కార్మికుడు) కాడని 1988లోనే సుప్రీంకోర్టు, గోవాకు చెందిన కేసులో చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్న ఆ తలుపు మనకు లేదు. పీఎఫ్‌కు పీఎఫ్ కార్యాలయం, గ్రాట్యుటీకి దానికి సంబంధించిన అధికారి, ఇలా ఒక్కొక్కటికీ ఒక్కో తలుపు తట్టాలి. ప్రతి తలుపు దగ్గరా అడిగేది కాగితమే.

ఎందుకింత తక్కువ?

యాజమాన్యాల వైపు లెక్క కూడా న్యాయంగా చూద్దాం. బీఏ సెక్షన్, 60 మంది. ఏడాదికి తలా 15,000 ఫీజు వచ్చిందనుకుందాం. ఇది నేను ఉదాహరణకు తీసుకున్న అంకె. మొత్తం 9 లక్షలు. యూజీసీ స్కేలులో కొత్త అధ్యాపకుడి బేసిక్, 58 శాతం డీఏ కలిపితే నెలకు 91,166. పన్నెండు నెలలకు దాదాపు 10 లక్షల 94 వేలు. అంటే ఒక సెక్షన్ మొత్తం ఫీజు ఒక్క అధ్యాపకుడికే చాలదు. ఆ సెక్షన్‌కు కావలసింది ఒక్కరా? పాలిటిక్స్, ఎకనామిక్స్, హిస్టరీ లేదా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, ఇంగ్లీషు, రెండో భాష. కనీసం ఐదుగురు. ఫీజుతోనే బీఏ నడపాలనుకుంటే స్కేలు సాధ్యం కాదు. ఇది దురాశ ఉన్నా లేకపోయినా నిజం. అందులోనూ ఆ ఫీజులో పెద్ద భాగం రీయింబర్స్‌మెంట్. ప్రభుత్వం దగ్గర బకాయి పడితే కాలేజీలో జీతం ఆగుతుంది. జీతం ఆలస్యమైందని ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డవాళ్లు ఈ గొలుసు మొత్తం చూడాలి. బీఏ చదువుకు డబ్బు ఎవరు పెట్టాలి? ఇది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. రాజనీతిశాస్త్రం చెప్పే మనం అడక్కపోతే ఇంకెవరడుగుతారు?

మన సబ్జెక్టుకు ఇంకో సమస్య ఉంది. పోస్టు నిలబడాలంటే వర్క్‌లోడ్ ఉండాలి. యూజీసీ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్, ప్రొఫెసర్‌లకు 14. పేపర్‌కు వారానికి ఐదు గంటలు, మూడు సంవత్సరాల బీఏ ఒక మీడియంలో ఉందనుకోండి, పదిహేను గంటలు. ఒక మనిషికి సరిపోయింది. దోస్త్‌లో చేరేవాళ్లు తగ్గి ఏదైనా కాంబినేషన్ ఎత్తేస్తే పది గంటలకు పడిపోతుంది. రెండు మీడియంలను ఒకే గదిలో కలిపేస్తే సగమవుతుంది. బీకామ్ పిల్లలు పెరిగినా మనకు గంటలు రావు. కాబట్టి హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్), ఈపీపీ (ఎకనామిక్స్, పాలిటిక్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) కాంబినేషన్లలో పిల్లలు ఎంతమంది చేరారన్నది మీ ఉద్యోగానికి సంబంధించిన అంకె. చేరబోయే కాలేజీలో గత మూడేళ్ల బీఏ అడ్మిషన్లు ఎంతో అడిగి తెలుసుకోండి.

గంట లెక్క

ఇప్పుడు గెస్టు లెక్చరర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే.

యూజీసీ 2019 జనవరిలో గెస్టు ఫ్యాకల్టీకి లెక్చర్‌కు 1,500, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలంది. మన ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో నడుస్తున్న లెక్క వేరు, పీరియడ్‌కు 390, నెలకు 72 పీరియడ్లు మించకుండా. 390ని 72తో హెచ్చిస్తే 28,080. అందరూ ఈ 28,080 చూసి జీతమంటారు. ఇది జీతమా? ఇది పైకప్పు. దసరా నెలలో 72 పీరియడ్లు జరుగుతాయా? సంక్రాంతి నెలలో? పరీక్షల నెలలో? వారానికి 18 పీరియడ్లు, ఏడాదికి 30 వారాలు పాఠాలు జరిగాయనుకుందాం. 540 పీరియడ్లు. 2,10,600. పన్నెండుతో భాగించండి. 17,550. వెనక వాళ్లకు కనిపిస్తోందా? పదిహేడు వేల ఐదు వందల యాభై.

ఇప్పుడు దీని పక్కన ఇంకో లెక్క. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, 30 వారాలు, మొత్తం 480 గంటలు చెబుతారు. ఒట్టి బేసిక్ తీసుకుందాం, డీఏ వద్దు, ఇంటద్దె వద్దు. 57,700 ఇంటూ 12, 6,92,400. 480తో భాగిస్తే గంటకు 1,442. యూజీసీ చెప్పిన 1,500 దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. యూజీసీ ఇలాగే లెక్క కట్టిందని నేననను, ఈ భాగహారం నాది. కానీ 1,500 గొంతెమ్మ కోరిక కాదని దీంతో తెలుస్తోంది. 390 అందులో నాలుగో వంతుకు కాస్త పైన.

రెగ్యులర్ ఉద్యోగి పాఠం ఒక్కటే చెప్పరు కదా, ఇతర పనులుంటాయి కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. మరి గెస్టు లెక్చరర్ ఇంటర్నల్స్ పేపర్లు దిద్దరా? పిల్లలకు ప్రాజెక్టులు చూడరా? ఇన్విజిలేషన్‌కు పిలిస్తే రారా? నాక్ తనిఖీ బృందం వచ్చినప్పుడు ఫైళ్లు రాయరా? ఆ గంటలకు పీరియడ్ రిజిస్టర్‌లో గడి లేదు. గడి లేనిదానికి డబ్బు లేదు. అందుకే చెబుతున్నాను, మీరు గెస్టుగా ఉంటే పీరియడ్ రిజిస్టర్‌కు తోడు సొంత డైరీ పెట్టండి. తేదీ, సెక్షన్, పాఠం, పని. ప్రతి నెలాఖరున బిల్లు పెట్టేముందు రెండూ సరిచూడండి. కాలేజీ ర్యాలీ కోసం క్లాసు రద్దయితే, మీరు వచ్చి కూర్చున్నా సరే, ఆ పీరియడ్ లెక్కలోకి రావడం లేదు. ఇలాంటివి ఎన్ని పోతున్నాయో మీ డైరీయే చెప్పాలి.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. 2018 యూజీసీ నిబంధనల్లో పాత సర్వీసు లెక్కించే భాగం ఉంది, పదో నిబంధన. రేపు మీరు రెగ్యులర్ అయ్యాక, వెనకటి తాత్కాలిక సర్వీసును ప్రమోషన్‌కు లెక్కలోకి తీసుకుంటారా? తీసుకుంటారు, కొన్ని షరతులతో. అర్హతలు అప్పటికే ఉండాలి. సరైన సెలక్షన్ కమిటీ ద్వారా నియామకం జరిగి ఉండాలి. గెస్టు లెక్చరర్ సర్వీసు అయి ఉండకూడదు. నాలుగోది వినండి, అప్పట్లో మీకు ఇచ్చిన మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల గ్రాస్ జీతానికి తక్కువ కాకూడదు.

అర్థమైందా? తక్కువ జీతం ఇచ్చారు కాబట్టి ఆ సర్వీసు చెల్లదు. పన్నెండేళ్లు కాంట్రాక్టు మీద పనిచేసిన మనిషి, స్కేలు కంటే తక్కువ తీసుకున్నందుకు, ప్రమోషన్ లెక్కలో ఇవాళే చేరినవాడితో సమానం. తక్కువ జీతంతో ఆ నెల ఒక్కటే నష్టపోలేదు, ఆ ఏళ్లన్నీ నష్టపోయారు. ఈ నిబంధనను ఎవరైనా సమర్థిస్తే నాకు అర్థం కాదు. తక్కువ ఇచ్చింది వ్యవస్థ, శిక్ష పడింది అధ్యాపకుడికి. 2023లో తెలంగాణలో కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించినప్పుడు వాళ్లలో జూనియర్ లెక్చరర్లు, డిగ్రీ లెక్చరర్లు కూడా ఉన్నారు. మంచి పని జరిగింది. డిగ్రీ లెక్చరర్ల విషయంలో వెనకటి ఏళ్లకు ఈ షరతు అలాగే నిలిచి ఉంది.

స్కేలు వచ్చినవాళ్లకు రెండు ముక్కలు. లెవల్ 10 నుంచి 11కు పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, లేకపోతే ఆరేళ్లు. ఆ రెండేళ్ల తేడాకు ఎంత పోతుంది? ఆరో ఏడు చివర పీహెచ్‌డీ ఉన్నవాళ్ల బేసిక్ 73,100, లేనివాళ్లది 71,000. 2,100 తేడా. ఇంతేనా అనిపిస్తుంది. అసలు గేటు ముందుంది. లెవల్ 12లో మూడేళ్లయ్యాక 13ఏకు వెళ్లేచోట పీహెచ్‌డీ తప్పనిసరి. అక్కడ బేసిక్ రమారమి 92,500 నుంచి ఒక్కసారి 1,31,400కు వెళ్తుంది. నెట్ ఉంది కదా, ఉద్యోగం వచ్చింది కదా, 2023 జులై నుంచి చేరడానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదన్నారు కదా అని పీహెచ్‌డీ వదిలేస్తే, ఆ గేటు దగ్గర దశాబ్దం తర్వాత ఆగిపోతారు.

రెండోది, ప్రమోషన్ ఫైళ్లు ఎక్కడ ఆగుతున్నాయి? 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు చేయకపోవడం దగ్గర. ప్రిన్సిపాల్ రిలీవ్ చేయలేదంటారు, సీటు దొరకలేదంటారు. గడువు దాటాక చేస్తే లాభం వెనక్కి రాదు. ఇంకా, కేటాయించిన క్లాసుల్లో 80 శాతం తీసుకుంటే "గుడ్", 70 నుంచి 80 లోపు "సంతృప్తికరం", అంతకు తగ్గితే సంతృప్తికరం కాదు. ఎన్నికల డ్యూటీలు, జనగణన డ్యూటీలు వేసిన రోజులకు ఉత్తర్వు కాపీ దాచుకోండి. ఏటా స్వీయ మదింపు పత్రం ఏడాది చివర్లోనే ఇచ్చేయండి, నాలుగేళ్లవి ఒకేసారి రాయబోతే రుజువులు దొరకవు.

కోచింగ్ గురించి క్లుప్తంగా. గ్రూప్-2 రెండో పేపర్‌లో పాలిటీ ఉంది, గ్రూప్-1 మెయిన్స్‌లో రాజ్యాంగం, పాలన ఉన్నాయి. అందుకే చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు మన సబ్జెక్టుకు గిరాకీ ఉంది. నోటిఫికేషన్ ఉన్నంత కాలం ఉంటుంది, వాయిదా పడితే పోతుంది. రెగ్యులర్ ఉద్యోగులకు ట్యూషన్లు, కోచింగ్‌లు కుదరవని యూజీసీ ప్రవర్తనా నియమావళే చెబుతోంది. గెస్టుగా ఉన్నవాళ్లు చెప్పొచ్చు. వృత్తి ఫీజు కింద ఇస్తే ఒకరి దగ్గర ఏడాదికి 50,000 దాటినప్పుడు 10 శాతం టీడీఎస్ (ముందుగానే తీసే ఆదాయపు పన్ను) కోస్తారు. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్ను వేసి తెచ్చుకోవచ్చు. మన గెస్టు మిత్రుల్లో చాలామంది రిటర్ను వేయరు. నెలకు 20,000 చొప్పున కోచింగ్ ఆదాయం ఉన్నవాళ్లకు అది ఏడాదికి 24,000. అడిగితే ఇచ్చే డబ్బు వదులుకుంటున్నారు.

చివరగా, సర్వీసు సర్టిఫికెట్ మాటలు రాసుకోండి. కాలేజీ వదిలేటప్పుడు "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు, ప్రవర్తన బాగుంది" అని రెండు లైన్లు ఇచ్చి పంపిస్తారు. అది చాలదు. నియామకం ఏ పద్ధతిలో జరిగింది, కమిటీ ఉందా, తేదీ ఏది, హోదా ఏది, వారానికి ఎన్ని గంటలు, నెలకు గ్రాస్ ఎంత, పీఎఫ్ నంబరు ఎంత, ఇవన్నీ ఉండాలి. ఇప్పుడు ఉన్న కాలేజీలో ఉండగానే, యాజమాన్యంతో సఖ్యంగా ఉన్నప్పుడే, ఏటా ఒకటి తీసుకోండి. కాలేజీ మూతపడితే, చేతులు మారితే, తర్వాత సంతకం పెట్టేవాళ్లు దొరకరు.

ఇక ప్రశ్నలు. మీ ఆర్డర్ కాపీలు తెచ్చినవాళ్లు ముందు రండి, ఒక్కొక్కటీ కలిసి చదువుదాం. ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయితో మొదలుపెడదాం.